ఐస్‌క్రీమ్ పుల్లల వంతెన: ఎక్కడ విరుగుతుందో ముందే చెప్పగలమా?

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ ఉక్కు నగరం. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట వెలసిన ఈ ఊళ్లో 1912లో ఉక్కు తయారీ మొదలైంది. కోల్‌కతాలో హుగ్లీ నది మీద 1943లో ప్రారంభమైన హౌరా వంతెనకు సుమారు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. అందులో దాదాపు 23,000 టన్నులు ఇక్కడి టాటా కర్మాగారం నుంచే వెళ్లింది. ఉక్కు పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి.

అలాంటి ఊళ్లో బడి ప్రాజెక్టు కోసం వంతెన మోడల్ చేయాలనుకునే విద్యార్థుల చేతికి అందేది మాత్రం ఉక్కు కాదు. ఒక కట్ట ఐస్‌క్రీమ్ పుల్లలు, ఒక ఫెవికాల్ డబ్బా, నాలుగైదు రోజుల సమయం. అయినా హౌరా వంతెనను నిలబెట్టిన సూత్రాలే ఈ పుల్లల వంతెనకూ వర్తిస్తాయి. అక్కడ లెక్క తప్పితే వచ్చే ప్రమాదం ఎలాంటిదో, ఇక్కడ చిన్న రూపంలో కళ్లారా చూడొచ్చు.

ఇలాంటి ప్రాజెక్టుల్లో అందరి చూపూ ఒకే అంకె మీద ఉంటుంది. వంతెన ఎన్ని కేజీలు మోసింది? నిజానికి అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్న మరొకటి ఉంది. ఇది ఎక్కడ, ఎందుకు విరుగుతుంది? బరువు వేలాడదీయకముందే ఈ ప్రశ్నకు నోటు పుస్తకంలో జవాబు రాయగలిగితే అది సైన్స్ ప్రాజెక్టు. రాయలేకపోతే, ఎన్ని కేజీలు మోసినా అది ఓ బొమ్మ మాత్రమే.

లాగితే ఒక లెక్క, నొక్కితే ఒక లెక్క

ఒక కొబ్బరి ఈనెను రెండు కొసలా పట్టుకుని లాగి చూడండి. మామూలు బలానికి అది తెగదు. అదే ఈనెను నిలువుగా బల్ల మీద ఆనించి పైనుంచి వేలితో నొక్కితే, వెంటనే విల్లులా పక్కకు ఒంగిపోతుంది. ఈనె అదే, వేలూ అదే. మారిందల్లా బలం దిశ.

వస్తువును సాగదీసే బలాన్ని తన్యత అనీ, నొక్కే బలాన్ని సంపీడనం అనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. సన్నగా, పొడవుగా ఉన్న పుల్ల నొక్కుడుకు లోనైనప్పుడు నలిగిపోవడానికి చాలా ముందే పక్కకు ఒంగిపోతుంది. దీన్ని ఇంజినీర్లు బక్లింగ్ అంటారు. ఇది ఏ బరువు దగ్గర మొదలవుతుందో లెక్కగట్టే సూత్రాన్ని గణిత శాస్త్రవేత్త లియోనార్డ్ ఆయిలర్ 1744లో ప్రచురించారు. ఆ సూత్రంలోని రెండు విషయాలు విద్యార్థులు గుర్తుంచుకోవాలి. పుల్ల పొడవు రెండింతలైతే అది తట్టుకునే నొక్కుడు నాలుగో వంతుకు పడిపోతుంది. పుల్ల మందం రెండింతలైతే అది తట్టుకునే నొక్కుడు ఎనిమిది రెట్లు పెరుగుతుంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. వంటింట్లో వాడే 10 కేజీల డిజిటల్ కాటా, 3 మిల్లీమీటర్ల మందమున్న వెదురు కబాబ్ పుల్లలు ఉంటే చాలు. పుల్లల మొనలు కత్తిరించి, ఒకటి 20 సెంటీమీటర్లు, మరొకటి 10 సెంటీమీటర్లు ఉండేలా కోయాలి. పుల్లను కాటా మీద నిలువుగా పెట్టి, పైకొస మీద చిన్న చెక్కముక్క ఉంచి మెల్లగా నొక్కాలి. పుల్ల ఒంగడం మొదలయ్యాక ఇంకా కిందికి నొక్కినా కాటా మీది అంకె పెద్దగా పెరగదు. అదే ఆ పుల్ల బక్లింగ్ భారం. లెక్క ప్రకారం పొడవాటి పుల్లకు ఇది సుమారు ఒకటిన్నర కేజీ, పొట్టి పుల్లకు సుమారు 6 కేజీలు రావాలి. వెదురు నాణ్యతను బట్టి, కొసలు ఎంత సమంగా కోశారన్నదాన్ని బట్టి అంకెలు మారతాయి. కానీ రెండింటి మధ్య నిష్పత్తి నాలుగుకు దగ్గరలోనే ఉంటుంది. పుల్ల విరిగి ఎగిరే అవకాశం ఉంది కాబట్టి కళ్లద్దాలు పెట్టుకునే ఈ ప్రయోగం చేయాలి.

ఇప్పుడు ఐస్‌క్రీమ్ పుల్లను చూద్దాం. మామూలుగా దొరికే పుల్ల 11.4 సెంటీమీటర్ల పొడవు, 10 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. లోపం లేని పుల్లను నారల దిశలో లాగితే తెగడానికి దాదాపు 100 కేజీల బరువు కావాలి. అదే పుల్లలో 10 సెంటీమీటర్ల భాగాన్ని నిలువుగా నొక్కితే, సుమారు 6.7 కేజీలకే పక్కకు ఒంగుతుంది. రెండింటికీ మధ్య తేడా పదిహేను రెట్లు. పుల్లల వంతెన తలరాత చాలావరకు ఈ తేడాలోనే ఉంది.

త్రిభుజాల్లో దాగిన బలం

నాలుగు పుల్లలను చతురస్రంగా పేర్చి మూలల్లో ఒక్కో గుండుసూది గుచ్చితే, ఒక మూలను నెట్టగానే అది పక్కకు వాలిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం వాలదు. భుజాల పొడవు మారనంతవరకు త్రిభుజం ఆకారం మారే వీల్లేదు. త్రిభుజాలను వరసగా కలిపి కట్టిన చట్రాన్ని ట్రస్ అంటారు. గోదావరి మీద రాజమహేంద్రవరం దగ్గర 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన మీద రైల్లో వెళ్లినవారికి కిటికీ పక్కనుంచి వాలుగా దూసుకుపోయే ఉక్కు కమ్ములు గుర్తుండే ఉంటాయి. అవి ట్రస్‌లోని భాగాలే.

ట్రస్‌లో బరువును జాయింట్ల దగ్గరే పెడితే ప్రతి పుల్లా లాగుడుకో నొక్కుడుకో మాత్రమే లోనవుతుంది. దాదాపుగా మరే బలమూ దాని మీద పడదు. ఏ పుల్ల మీద ఎంత బలం పడుతుందో ఇంటర్మీడియట్ స్థాయి భౌతికశాస్త్రంతోనే లెక్కగట్టవచ్చు.

బడి ప్రాజెక్టుకు సులువైన రూపం వారెన్ ట్రస్. 1848లో ఇంగ్లండ్‌లో పేటెంట్ పొందిన ఈ నమూనాలో నిలువు పుల్లలు ఉండవు, వరస త్రిభుజాలే ఉంటాయి. రెండు ఆధారాల మధ్య దూరం 40 సెంటీమీటర్లు అనుకుందాం. ప్రతి పుల్లకూ జాయింటు నుంచి జాయింటుకు 10 సెంటీమీటర్లు ఉంచి సమబాహు త్రిభుజాలుగా అమరిస్తే, ఒక్కో ట్రస్‌కు కింది వరసలో 4 పుల్లలు, పై వరసలో 3 పుల్లలు, వాలుగా 8 పుల్లలు, మొత్తం 15 పుల్లలు వస్తాయి. జాయింట్లు 9. ఎత్తు సుమారు 8.7 సెంటీమీటర్లు. వంతెనకు ఇటొకటి అటొకటి రెండు ట్రస్‌లు కావాలి కాబట్టి ప్రధానమైన పుల్లలు 30.

ఒక్కో ట్రస్ మీద, కింది వరసలో సరిగ్గా నడిమి జాయింటు దగ్గర 10 కేజీల బరువు వేలాడుతోందనుకుందాం. రెండు ఆధారాలూ చెరో 5 కేజీలు మోస్తాయి. అక్కడినుంచి ఒక్కో జాయింటు దగ్గర బలాలను సమతుల్యం చేస్తూ పోతే ఈ ఫలితాలు వస్తాయి.

వాలు పుల్లలు ఎనిమిదింటిలో ప్రతిదాని మీదా 5.8 కేజీల బలం పడుతుంది. వాటిలో నాలుగు లాగుడుకు, నాలుగు నొక్కుడుకు లోనవుతాయి. ఆధారాల నుంచి పైకి లేచేవి నొక్కుడుకు, వాటి పక్కవి లాగుడుకు, ఇలా మధ్యదాకా మారుతూ వస్తాయి. బరువును నేరుగా పట్టుకునే నడిమి రెండు పుల్లలూ లాగుడులో ఉంటాయి.

కింది వరసలోని పుల్లలన్నీ లాగుడులోనే ఉంటాయి. చివరి వాటి మీద 2.9 కేజీలు, నడిమి వాటి మీద 8.7 కేజీలు పడతాయి.

పై వరసలోని పుల్లలన్నీ నొక్కుడులోనే ఉంటాయి. పక్క వాటి మీద 5.8 కేజీలు, నడిమి పుల్ల మీద 11.5 కేజీలు పడతాయి.

వేలాడదీసిన బరువు 10 కేజీలే అయినా, పై వరస నడిమి పుల్ల మీద అంతకన్నా ఎక్కువ బలం పడుతోంది. పైగా అది నొక్కుడు. ఐస్‌క్రీమ్ పుల్ల తట్టుకోలేనిది సరిగ్గా అదే.

మొదట ఓడేది ఏది?

ఒంటి పుల్ల 6.7 కేజీల నొక్కుడు దగ్గర ఒంగుతుందని చూశాం. నడిమి పుల్ల మీద 6.7 కేజీలు పడాలంటే ఆ ట్రస్ మీద సుమారు 5.8 కేజీల బరువు ఉండాలి. రెండు ట్రస్‌లు కలిపి చూస్తే, వంతెన మొత్తం మీద సుమారు 11.6 కేజీలు. ఇదే అంచనా. కాబట్టి నోటు పుస్తకంలో ఇలా రాయవచ్చు. ‘సుమారు 11–12 కేజీల దగ్గర, పై వరస నడిమి పుల్ల పక్కకు ఒంగుతుంది. కింది వరసకు ఏమీ కాదు.’

వంతెనను బలంగా చేయమంటే చాలామంది విద్యార్థులు ప్రతి పుల్లనూ రెండేసి చేస్తారు. 30 పుల్లల చోట 60 పుల్లలు అతికిస్తారు. బరువు రెండింతలవుతుంది, బలం పెరిగిన మాట కూడా నిజమే. కానీ ఆ బలం ఎక్కడినుంచి వచ్చిందో వారికి తెలియదు.

లెక్క తెలిసిన విద్యార్థి ఏం చేస్తారో చూద్దాం. పై వరస నడిమి పుల్లను మాత్రమే జంట పుల్లగా మారిస్తే మందం రెండింతలై, దాని బక్లింగ్ భారం ఎనిమిది రెట్లు పెరిగి 53 కేజీలకు చేరుతుంది. ఇక ఆ పుల్లకు భయం లేదు. అయితే ఇప్పుడు నొక్కుడులో ఉన్న వాలు పుల్లలూ, పై వరస పక్క పుల్లలూ ముందు ఓడతాయి. వాటి లెక్క ప్రకారం వంతెన దాదాపు 23 కేజీల దగ్గర కూలుతుంది. రెండే రెండు పుల్లలు అదనంగా పెడితే మోసే బరువు రెండింతలైంది.

తర్వాతి అడుగులో, నొక్కుడులో ఉన్న పుల్లలన్నింటినీ జంట చేయాలి. ఒక్కో ట్రస్‌లో పై వరసలో 3, వాలుగా 4, మొత్తం 7. రెండు ట్రస్‌లకు 14. అంటే 44 పుల్లలతో వంతెన సిద్ధం. బక్లింగ్ లెక్క ప్రకారం ఇది 60 పుల్లల వంతెనతో సమానంగా నిలబడుతుంది. లాగుడులో ఉన్న మిగతా 16 పుల్లలను జంట చేసి లాభం లేదు. అవి ఒంటిగానే దాదాపు 100 కేజీల లాగుడును తట్టుకుంటాయి కదా.

ఈ దశలో లెక్క 90 కేజీల దాకా చూపిస్తుంది. కానీ అసలు వంతెన అంత మోస్తుందని ఆశించకూడదు. పుల్లల కన్నా ముందు జిగురు జాయింట్లు ఊడిపోతాయి. బలహీనత ఒకచోట పోతే మరోచోట తలెత్తుతుంది. ప్రతిసారీ ‘ఇప్పుడు అన్నింటికన్నా బలహీనమైనది ఏది?’ అని వెతకడమే డిజైన్ అనే పని.

పాతకాలపు ఇంజినీర్లు కూడా ఈ దారిలోనే నడిచారు. అమెరికాలో కర్ర వంతెనల కాలంలో విలియం హౌ 1840లో పేటెంట్ తీసుకున్న ట్రస్‌లో పొడవాటి వాలు దూలాలు నొక్కుడుకు, నిలువు ఇనుప కడ్డీలు లాగుడుకు లోనయ్యేవి. 1844లో వచ్చిన ప్రాట్ ట్రస్‌లో దీన్ని తిరగేశారు. పొట్టి నిలువు భాగాలకు నొక్కుడు, పొడవాటి వాలు భాగాలకు లాగుడు అప్పగించారు. పొడవైన దాన్ని నొక్కకూడదన్న ఆయిలర్ పాఠమే ఇందులో ఉంది.

భారం మోయని పుల్లల విలువ

పైన చేసిన లెక్కలన్నింటిలో ఒక షరతు దాగి ఉంది. పై వరస జాయింట్లు పక్కకు కదలకూడదు. ఐస్‌క్రీమ్ పుల్ల మందం 2 మిల్లీమీటర్లే కాబట్టి, అది ట్రస్ తలంలో కాకుండా పక్కకు, అంటే వంతెన లోపలివైపో బయటివైపో ఒంగుతుంది. రెండు ట్రస్‌లను పైన ఏ పుల్లతోనూ కలపకపోతే, పై వరసలోని మూడు పుల్లలూ కలిసి 30 సెంటీమీటర్ల ఒకే పొడవాటి పుల్లలా ప్రవర్తిస్తాయి. పొడవు మూడింతలైతే తట్టుకునే నొక్కుడు తొమ్మిదో వంతు. 6.7 కేజీలు ముక్కాలు కేజీకి పడిపోతాయి. వాలు పుల్లల పట్టు వల్ల నిజంగా ఇంత దిగజారకపోవచ్చు గానీ, నష్టం మాత్రం పెద్దదే.

దీనికి విరుగుడు చాలా చవక. రెండు ట్రస్‌ల మధ్య 8 సెంటీమీటర్ల దూరం ఉంచి, పైన ప్రతి జాయింటు దగ్గరా ఒక అడ్డపుల్ల అతికించాలి. నిచ్చెన మెట్లలా అడ్డపుల్లలు మాత్రమే ఉంటే రెండు ట్రస్‌లూ కలిసి ఒకేవైపు వాలిపోవచ్చు. కాబట్టి వాటి మధ్య కబాబ్ పుల్ల ముక్కలను ఐమూలగా అతికించి అక్కడ కూడా త్రిభుజాలు చేయాలి. రెండు చివరలా వాలు పుల్లల మధ్య కూడా ఇలాంటి కట్టుదిట్టం ఉండాలి.

ఈ అడ్డపుల్లల మీద పడే బలం చాలా తక్కువ. వేలాడదీసిన బరువులో ఒక్క కేజీని కూడా అవి నేరుగా ఆధారాలకు చేర్చవు. చూసేవారికి అలంకారంలా కనిపిస్తాయి. తీసేస్తే వంతెన కూలుతుంది. పెద్ద భారాన్ని మోసేదాన్ని దారి తప్పకుండా పట్టుకోవడమే వాటి పని.

క్యూబెక్‌లో జరిగింది

ఈ చిన్న భాగాలను తక్కువ అంచనా వేస్తే ఏమవుతుందో ప్రపంచానికి 1907లో తెలిసింది. కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద క్యూబెక్ వంతెన కడుతున్నారు. ఇది కాంటిలీవర్ రకం. రెండు ఒడ్డుల దగ్గరా స్తంభాల మీద నుంచి నది మీదకు చేతులు చాచినట్టుగా ఉక్కు చట్రాన్ని పెంచుకుంటూ వస్తారు. రెండు చేతుల్లో బిందెలు పట్టుకుని చాచి నిలబడితే భుజాల పైభాగం లాగుతున్నట్టు తెలుస్తుంది. అలాగే కాంటిలీవర్‌లో పై వరస లాగుడులో, కింది వరస నొక్కుడులో ఉంటుంది. మన వారెన్ ట్రస్‌కు ఇది తలకిందులు.

వంతెన నడిమి దూరాన్ని మొదట అనుకున్న 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచారు. దానికి తగ్గట్టు వంతెన సొంత బరువును సకాలంలో మళ్లీ సరిగ్గా లెక్కగట్టలేదు. అసలు బరువు అంచనాను మించిపోయింది. నొక్కుడు మోసే కింది కమ్ములు ఒక్కొక్కటీ నాలుగు పొడవాటి ఉక్కు భాగాలను పక్కపక్కన పెట్టి, సన్నని ఉక్కు బద్దీలతో జడలా అల్లి, రివెట్లతో బిగించినవి. ఆ బద్దీల పని మన అడ్డపుల్లల పనే. ఆ నాలుగు భాగాలూ విడివిడిగా ఒంగిపోకుండా ఒక్కటిగా పట్టి ఉంచాలి.

ఆగస్టు నెలలో కింది కమ్ములు కొద్దికొద్దిగా ఒంగుతున్నట్టు పని స్థలంలో ఉన్నవారు గమనించారు. నెలాఖరుకు ఒక కమ్మి ఒంపు రెండంగుళాలు దాటింది. అది తయారీలోనే ఉన్న ఒంపా, కొత్తగా వచ్చినదా అన్న వాదన నడిచింది. పరిస్థితి వివరించడానికి ఒక ఇంజినీరు న్యూయార్క్‌లో ఉన్న సలహాదారు థియోడర్ కూపర్ దగ్గరకు వెళ్లారు. ఇక బరువు పెంచవద్దని కూపర్ తంతి పంపారు. అది పని స్థలానికి కాకుండా పెన్సిల్వేనియాలోని నిర్మాణ సంస్థ కార్యాలయానికి వెళ్లింది. పని ఆగలేదు. 1907 ఆగస్టు 29 సాయంత్రం పని ముగిసే వేళ, వంతెన దక్షిణ భాగం కొన్ని సెకన్లలో కూలిపోయింది. దాని మీద ఉన్న 86 మందిలో 75 మంది చనిపోయారు. వారిలో 33 మంది ఒకే ఊరి నుంచి, కానవాకే నుంచి వచ్చిన మోహాక్ కార్మికులు.

విచారణ కమిషన్ తేల్చిన ప్రధాన కారణం, కింది కమ్ములను కలిపి ఉంచే అల్లిక బలహీనంగా ఉండటం. కమ్ముల్లో ఉక్కుకు కొదవ లేదు. వాటిని ఒక్కటిగా పట్టి ఉంచేవే చాలలేదు.

ఆ ప్రమాదానికి సరిగ్గా మూడు రోజుల ముందు, 1907 ఆగస్టు 26న, జంషెడ్‌పూర్ కర్మాగారాన్ని కట్టబోయే టాటా ఇనుము, ఉక్కు కంపెనీ నమోదైంది. 36 ఏళ్ల తర్వాత ఆ ఉక్కుతో హుగ్లీ మీద లేచిన హౌరా వంతెన కూడా కాంటిలీవర్ రకమే. నడిమి దూరం 1,500 అడుగులు. ఈనాటికీ దాని మీద జనం నడుస్తున్నారు.

కట్టడం, పరీక్షించడం

కట్టేముందు పుల్లలను ఏరుకోవాలి. వడ్రంగి పలకను ఒంటికన్నుతో చూసినట్టు, ప్రతి పుల్లనూ కొస నుంచి చూసి వంకర ఉన్నవాటిని పక్కన పెట్టాలి. మొదటినుంచే కొద్దిగా ఒంగి ఉన్న పుల్ల లెక్కకన్నా ముందే ఓడుతుంది. మంచి పుల్లలను పై వరసకు, కొద్దిపాటి వంకర ఉన్నవాటిని కింది వరసకు వాడుకోవచ్చు. లాగుడులో ఆ వంకర సర్దుకుంటుంది.

ట్రస్ బొమ్మను పూర్తి సైజులో కాగితం మీద గీసి, దాని మీదే పుల్లలను పేర్చి అతికిస్తే రెండు ట్రస్‌లూ ఒకేలా వస్తాయి. అతికించే చోట గరుకు కాగితంతో కాస్త రుద్ది, జిగురు పల్చగా రాసి, బట్టల క్లిప్పులతో బిగించి ఒక రోజంతా ఆరనివ్వాలి. జిగురు ఎక్కువ పూస్తే బలం పెరగదు, బరువు పెరుగుతుంది.

పరీక్షకు రెండు బల్లలను 40 సెంటీమీటర్లకు కాస్త తక్కువ దూరంలో పెట్టి, చివరి జాయింట్లు వాటి అంచుల మీద ఆనేలా వంతెనను ఉంచాలి. నడిమి కింది జాయింట్ల మీద అడ్డంగా ఒక గట్టి కర్రముక్క పెట్టి, దానికి తాడుతో బకెట్ వేలాడదీయాలి. బరువు పెంచడానికి నీళ్లు సులువు, ఒక లీటరు ఒక కేజీ. ముందుగా ఖాళీ బకెట్ బరువు తూచి రాసుకోవాలి. బకెట్ నిండినా వంతెన నిలబడితే నీళ్ల బదులు తూచిన ఇసుక వాడవచ్చు. బకెట్ అడుగు నేలకు నాలుగైదు సెంటీమీటర్ల ఎత్తులోనే ఉండాలి. అప్పుడు వంతెన విరిగినా బకెట్ ఎక్కువ దూరం పడదు. అందరూ కళ్లద్దాలు పెట్టుకోవాలి, కాళ్లు బకెట్ కిందికి రానివ్వకూడదు.

ఒక్కో కేజీ కలిపిన ప్రతిసారీ రెండు పనులు చేయాలి. నడిమి జాయింటు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో పక్కన నిలబెట్టిన స్కేలు మీద చూసి రాయాలి. తర్వాత వంతెన కొస దగ్గర వంగి, పై వరస వెంట ఒంటికన్నుతో చూడాలి. పక్కనుంచి చూస్తే బాగానే ఉన్నట్టు కనిపించే వంతెన, కొసనుంచి చూస్తే అప్పటికే పాములా మెలికలు తిరగడం మొదలుపెట్టి ఉండవచ్చు. ఫోన్ కెమెరాను కూడా కొసవైపే పెట్టి స్లో మోషన్‌లో తీయాలి. విరిగిన తర్వాత ముక్కలన్నీ కలిసిపోతాయి, ఏది మొదట ఓడిందో వీడియోనే చెబుతుంది.

బరువు, కుంగుబాటు గ్రాఫ్ గీస్తే మొదట అది దాదాపు సరళరేఖలా సాగుతుంది. ఎక్కడైతే రేఖ వంగి, ఒక్కో కేజీకి కుంగుబాటు ఎక్కువవుతుందో అక్కడ వంతెన హెచ్చరిస్తున్నట్టు. క్యూబెక్‌లో రెండంగుళాల ఒంపు అలాంటి హెచ్చరికే.

అంచనా తప్పితే?

చాలాసార్లు తప్పుతుంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. సూత్రంలో పుల్ల కొసలు స్వేచ్ఛగా తిరుగుతాయని అనుకుంటాం, జిగురు వాటిని కొంతవరకు పట్టి ఉంచుతుంది కాబట్టి వంతెన ఎక్కువ మోయవచ్చు. జాయింటు దగ్గర పుల్లలు ఒకదాని మీద ఒకటి రావడంతో బలం సరిగ్గా మధ్యగా పోదు, కాబట్టి తక్కువ మోయవచ్చు. కర్ర ప్రకృతి ఇచ్చినది, ఏ రెండు పుల్లలూ ఒకటి కావు. అందుకే వీలైతే ఒకే రకం వంతెనలు మూడు కట్టి పరీక్షించి, ఫలితాల మధ్య తేడా ఎంతో కూడా చూపించాలి. ఇంజినీర్లు లెక్కించిన బలం కన్నా చాలా తక్కువ బరువునే వంతెన మీదకు అనుమతించడానికి కారణం ఈ తేడాలే.

ప్రదర్శనలో పెట్టే పట్టికలో మోసిన బరువు పక్కన మరో మూడు గడులు ఉండాలి. వంతెన సొంత బరువుకు అది ఎన్ని రెట్లు, ఎక్కడ విరుగుతుందని ముందే రాశారు, నిజంగా ఎక్కడ విరిగింది. అంచనా 12 కేజీలై, వంతెన 9 కేజీలకే పై వరస నడిమి పుల్ల దగ్గర ఒంగితే అది మంచి ఫలితం. ఎక్కడన్నది సరిగ్గా చెప్పారు, ఎంతన్నది సరిచేసుకోవాలి. అదే వంతెన 30 కేజీలు మోసి, అంచనాలో లేని చోట విరిగితే ఇంకా తెలుసుకోవాల్సింది ఉందన్నమాట.

జంషెడ్‌పూర్‌లో 1950 నుంచి జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల నడుస్తోంది. లోహాలు ఎలా అలిసిపోతాయో, ఎలా విఫలమవుతాయో తెలుసుకోవడం కూడా అక్కడి పరిశోధనల్లో భాగమే. వాడుకలో ఉన్నప్పుడు విరగకూడదంటే ప్రయోగశాలలో విరగ్గొట్టి చూడాలి. బడి బల్లల మధ్య విరిగిన ఐస్‌క్రీమ్ పుల్లల వంతెన చేసేదీ అదే పని. కాబట్టి ఆ ముక్కలను చెత్తబుట్టలో వేయకుండా, మొదట ఓడిన పుల్లకు ఒక చీటీ అంటించి, ముందు రాసిన కాగితం పక్కనే ప్రదర్శనలో పెట్టాలి.